అత్తమ్మను కొండకు తీసుకెళ్ళిన వేసవి

మా అత్తమ్మను మంచుకొండలు చూపించడానికి తీసుకెళ్ళామని ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. "కోడలంటే గట్లుండాలె" అని మా వీధి చివర ఉండే మల్లమ్మ నాలుగిళ్ళకు వినబడేలా అంది. నేను తల వంచుకుని నవ్వి ఊరుకున్నాను. అసలు సంగతి నాకూ మా ఆయనకూ మాత్రమే తెలుసు. మేం ఆమెను తీసుకెళ్ళింది కొండల కోసం కాదు, ఒక సంతకం కోసం.

మా ఇల్లు గుమ్మడిదల దాటాక రెండు మందుల ఫ్యాక్టరీల మధ్య ఉండేది. మా మామ చిన్నరాములు ఆ ఇల్లు కట్టినప్పుడు చుట్టూ జొన్నచేలట. నేను కాపురానికి వచ్చేసరికి తూర్పున ఒక ప్రహరీ లేచింది, మా కూతురు రవళి పుట్టిన ఏడు పడమటన ఇంకొకటి. గాలి ఎటు వీచినా ఏదో ఒక వాసన వచ్చేది. కుళ్ళిన గుడ్ల వాసనకు అలవాటు పడిపోయాం. అప్పుడప్పుడు పండిన పండులా తియ్యటి వాసన ఒకటి వచ్చేది. దానికే నాకు ఎక్కువ భయం. అది వచ్చిన రోజు రవళి తప్పకుండా దగ్గేది.

తిట్టడానికి నోరు వచ్చేది కాదు. నేను పటాన్‌చెరు వైపు ఒక కంపెనీలో ప్యాకింగ్ చెకర్‌ని, మా ఆయన ప్రభాకర్ ఇంకో కంపెనీలో మందు గోళీలు అచ్చొత్తే మిషన్ ఆపరేటర్. మా ఇద్దరి జీతాలూ అలాంటి గోడల లోపలి నుంచే వచ్చేవి.

రవళికి పదేళ్ళు. మూడేళ్ళుగా దగ్గు. సంగారెడ్డిలో డాక్టరు ఎక్స్‌రే చూసి, మందు చీటీ రాసి, పెన్ను కింద పెట్టి అన్నాడు. "మందులైతే నేను రాస్తనమ్మా. ఇల్లు మార్చుడు మాత్రం మీ చేతులనే ఉన్నది."

ఇల్లూ, వెనక పది గుంటల పెరడూ అత్తమ్మ పేరు మీద ఉన్నాయి. అవి అమ్మితే బీరంగూడలో ఒక ఫ్లాటు వస్తుంది. లారీలు నిలుపుకోవడానికి జాగా కావాలని ఒక ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు అడుగుతున్నారు కూడా. మధ్యవర్తి దశరథ్ ఏప్రిల్‌లో ఒక ఆదివారం కాగితాలు పట్టుకుని వచ్చాడు.

"అవ్వా, జెర కూసో. ఒక్క మాట విను" అన్నాడు ప్రభాకర్.

అత్తమ్మ కూర్చోలేదు. కాదని అనలేదు, సరేనని అనలేదు. చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. తలుపులోంచి చూస్తే, ఫిల్టర్ నీళ్ళ క్యానులోంచి చెంబు నింపి గోంగూర మడికి పోస్తోంది. మా బోరు నీళ్ళు పచ్చగా వచ్చేవి. బట్టలకు తప్ప దేనికీ పనికొచ్చేవి కావు. మేం తాగడానికి కొనుక్కునే నీళ్ళలో ఆమె తన వంతు తాను తాగకుండా ఆ మడికి పోసేది. ఆ గోంగూరను మేం తినేవాళ్ళం కాదు. ఆ నేలలో పెరిగింది తినబుద్ధి అయ్యేది కాదు. అయినా పోసేది.

అత్తమ్మ పేరు మొగులమ్మ. అరవై దాటాయి. పటాన్‌చెరులోని పెద్ద వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో ఇరవై రెండేళ్ళు కూలి చేసింది. శనగ మొగ్గ విచ్చుకోకముందే సన్నటి పట్టకారుతో దాన్ని విప్పి, లోపలి మగ కేసరాలు తీసేసి, ఇంకో మొక్క పుప్పొడి అంటించడం ఆమె పని. వంద మొగ్గలు విప్పితే తొంభై కాయ పట్టేవని, సార్లు కొత్త పిల్లలను తెచ్చి ఆమె చేతులు చూపించేవాళ్ళని మామ చెబుతుండేవాడు. తర్వాత పని పోయింది, ఆ తర్వాత మామ పోయాడు. అప్పటి నుంచి ఆమె మాట్లాడటం తగ్గిపోయింది. వంట చేస్తే తినేది, పిలిస్తే పలికేది. అంతే.

ఆ వారమే మధుబాబు ఫోన్ చేశాడు. ప్రభాకర్‌తో పదేళ్ళు ఒకే షిఫ్టులో పనిచేసిన మనిషి. వాళ్ళ నాన్న ఎప్పుడో కాకినాడ వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చారు. మధుబాబుకు రెండేళ్ళ క్రితం హిమాచల్‌లోని బద్దీలో, ఇంకో మందుల కంపెనీలో మంచి ఉద్యోగం దొరికింది.

"ఎన్నిసార్లు చెప్పాను ప్రభాకర్, ఒక్కసారి రండయ్యా. పిల్లకి సెలవులేగా? మా ఇంటి నుంచి సిమ్లా మూడు గంటలు. అమ్మగారిని కూడా తీసుకురా."

అమ్మగారిని అన్న మాట వినగానే నాకు ఆ ఆలోచన వచ్చింది. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

"అత్తమ్మను తీస్కపోదం" అన్నాను ప్రభాకర్‌తో. "ఏడుపాయల జాతర తప్ప ఏం సూసింది ఆమె? మంచిగ తిప్పుదం. మనసు మంచిగున్నప్పుడు నిమ్మలంగ అడుగుదం."

"నువ్వే అడగాలె మరి" అన్నాడు.

"అడుగుత."

మే నెల మొదటి వారంలో సికింద్రాబాద్‌లో రైలెక్కాం. ఢిల్లీలో మారి కాల్కాలో దిగితే మధుబాబు కారుతో వచ్చి నిలబడ్డాడు. బద్దీ చేరేసరికి సాయంత్రం. అత్తమ్మ కారు దిగి, చుట్టూ ఉన్న రేకుల షెడ్లూ పొగగొట్టాలూ చూసి, ముక్కు ఎగబీల్చింది.

"గింత దూరమొచ్చి మళ్ళ గుమ్మడిదల్నే దిగినమా?" అంది.

మధుబాబు పగలబడి నవ్వాడు. "నిజమే అమ్మగారూ, వాసన అదే. కొండలు రేపు చూపిస్తాను కదా!"

నేనూ నవ్వాను. రవళి దగ్గుతోంది.

మర్నాడు సిమ్లా. మధుబాబు మాట్లాడిపెట్టిన కారులో, అక్కడి కొండదారులు తెలిసిన డ్రైవరుతో బయలుదేరాం. రవళి కిటికీలోంచి తల బయటపెట్టి ప్రతి మలుపుకూ కేకలు వేసింది. ప్రభాకర్ ఫోన్ కిందపెట్టలేదు. దేవదారు చెట్లను, ఎర్ర పైకప్పులను, ఒకదాని నెత్తిన ఒకటి కట్టినట్టున్న ఇళ్ళను తీస్తూనే ఉన్నాడు. అత్తమ్మ కోతిటోపీ పెట్టుకుని, చీర మీద ప్రభాకర్ స్వెటర్ వేసుకుని, ముందు సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఎట్లున్నది అత్తమ్మా?" అంటే "మంచిగున్నది" అంది. సిమ్లా బజారు మంచిగుంది. చర్చి మంచిగుంది. కోతులు కూడా మంచిగున్నాయి.

కుఫ్రీలో ఒకతను జడలబర్రెను అలంకరించి నిలబెట్టాడు. ఎక్కి కూర్చుంటే ఫోటో తీస్తాడు. అత్తమ్మ మాత్రం దాని ముందుకు వెళ్ళి ముక్కుతాడు చూసింది.

"గింత బిగ్గ కడ్తరా? దానికి పుండయింది సూడు. గిసొంటి దాని మీద నేనెక్కుడొకటా?" అంది. తర్వాత హిందీలోకి దిగింది. మా ప్యాకింగ్ లైనులో ఒడిశా పిల్లలు, బీహారు పిల్లలు మాట్లాడే హిందీ కాదది, పటాన్‌చెరు సంత హిందీ. "భయ్యా, ఇస్కు దర్ద్ హోతా. జెర ఢీలా కరో."

అతను నవ్వి తాడు కొంచెం వదులు చేశాడు. ఆమె దాని మెడ నిమిరి వచ్చేసింది.

ఆ పూట ఆమె ముఖం తేటగా ఉంది. అడగాల్సిన సమయం అదేననిపించింది. హోటల్ వరండాలో ఇద్దరం టీ తాగుతున్నాం. "అత్తమ్మా" అన్నాను. "ఆఁ" అంది. "ఇంకొంచెం టీ పోయాల్నా?" అన్నాను.

మూడో రోజు నార్కండాకు బయలుదేరాం. అక్కడి నుంచి హాటూ అనే కొండ శిఖరం మీదికి వెళితే మంచుకొండల వరస మొత్తం కనిపిస్తుందని డ్రైవర్ చెప్పాడు. ఠియోగ్ దాటి మటియానా దగ్గరికి వచ్చేసరికి దారి ఆగిపోయింది. ముందు మలుపులో ఒక లారీ ఇరుక్కుంది. గంట పడుతుందన్నారు. బండ్లన్నీ ఆగాయి. జనం దిగి టీకొట్టు చుట్టూ మూగారు. నేను రవళికి బిస్కెట్లు కొని తిరిగి వచ్చేసరికి ముందు సీటు ఖాళీగా ఉంది.

"అవ్వ ఏది?" అన్నాడు ప్రభాకర్.

ఇటు వెతికాం, అటు వెతికాం. రోడ్డు పక్కనే లోయ. అప్పుడు రవళి కిందికి చెయ్యి చూపించింది. "మమ్మీ, నాయినమ్మ అగో!"

రోడ్డు కింద కొండను మెట్లు మెట్లుగా కోసి మడులు చేశారు. ఒక్కో మడి మంచమంత వెడల్పు, పొడవుగా కొండ నడుము చుట్టూ తిరిగిపోయింది. మడి నిండా బఠానీ. ఏడెనిమిది మంది ఆడవాళ్ళు వంగి కాయ తెంపుతున్నారు. వాళ్ళ మధ్యలో కోతిటోపీతో మా అత్తమ్మ. కొంగును నడుముకు ఒడిలా కట్టింది. స్వెటర్ చేతులు మోచేతుల పైకి మడిచింది.

నేను జారుతూ, చెట్టూ కొమ్మా పట్టుకుంటూ దిగాను. దగ్గరికి వెళ్ళాక పిలవబోయి ఆగాను.

ఆమె చేతులు అంత వేగంగా కదలడం నేను పదమూడేళ్ళ కాపురంలో చూడలేదు. ఎడమ చేయి తీగ పట్టుకుంటుంటే కుడి చేయి కాయ తీస్తోంది. తీగ కదలడం లేదు. పక్క వరసలో పడుచుపిల్లలు ఆమెకంటే వెనకపడ్డారు. చేను యజమానురాలు కాబోలు, తలకు ఎర్రగుడ్డ కట్టుకున్న ముసలామె నన్ను చూసి నవ్వింది. "యే తో హమ్‌సే తేజ్ హై!" అంది. మాకంటే ఈమే చురుకని.

అత్తమ్మ మాట్లాడుతోంది. తెలుగులోనే. "గిది లేత గాయ, దీన్ని తెంపకు బిడ్డా, రెండొద్దులు ఉంచు." ఆ పిల్లకు ఏం అర్థమైందో, తల ఊపి ఆ కాయ వదిలేసింది. తర్వాత అత్తమ్మ విచ్చుకోని ఒక తెల్ల మొగ్గను పట్టుకుని, గోళ్ళతో రేకులు విడదీసి, లోపలిది చూపించింది. "ఇగో, గివి మగయి. గివి తీసెయ్యాలె. గీ నడుమది ఆడది. దీనికి వేరే చెట్టు పుప్పొడి అంటియ్యాలె. నేను ఇరవై రెండేండ్లు గిదే జేసిన. మావి శనగలు, మీవి బఠానీలు. పువ్వు ఒక్కటే తీరు." ఆడవాళ్ళంతా పని ఆపి ఆమె చేతిలోకి తొంగి చూస్తుంటే ఆమె నవ్వుతోంది.

మడి అంచున కొండలోంచి వచ్చే ఊటకు ఒక పైపు పెట్టారు. అత్తమ్మ వెళ్ళి దోసిలి పట్టి తాగింది. మళ్ళీ పట్టి మళ్ళీ తాగింది. ముఖం కడుక్కుంది. కింద పారుతున్న నీళ్ళలో చెయ్యి పెట్టి, ఆ తడి మట్టిని వేళ్ళతో నలిపి, వాసన చూసింది. నేను అక్కడే ఉన్నానని ఆమెకు తెలియదు.

పైనుంచి హారన్లు మొదలయ్యాయి. లారీ కదిలినట్టుంది.

"అత్తమ్మా, పోదమా?" అన్నాను.

ఆమె తలెత్తింది. "మీరు పోయి సూసి రార్రి. నేనీడ్నే ఉంట. ఇంకో రెండు సాళ్ళు మిగిలినయి, పొద్దుగూకేవరకు అయిపోతయి" అంది. మామూలుగా, మా పెరట్లోంచి చెప్పినట్టు.

"ఇయ్యాల మల్ల గీ తొవ్వల రాం అత్తమ్మా. రాత్రికి నార్కండాలనే ఉంటం."

"ఔనా" అంది. కొంగు ముడి విప్పి కాయలను బుట్టలో పోసింది. ఎర్రగుడ్డ ముసలామె అందులోంచి రెండు దోసిళ్ళు తీసి తిరిగి ఆమె కొంగులో పోసి, రెండు చేతులూ పట్టుకుంది. పైకి ఎక్కేటప్పుడు అత్తమ్మ ఒకసారి కూడా వెనక్కి చూడలేదు. కారులో కూర్చుని నార్కండా దాకా కాయలు ఒలిచి గింజలు రవళి చేతిలో పోస్తూ వచ్చింది. పిల్ల పచ్చివే తినేసింది. ఆ దారిలో అడగాలని నాకు అనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే హాటూ ఎక్కాం. కారు పట్టేంత దారి, పక్కన చూస్తే కళ్ళు తిరిగేంత లోయ. చివరి కొంత దూరం నడిచాం. గాలి పలచగా ఉండి నాకు పది అడుగులకోసారి ఆయాసం వచ్చింది. పైన చెక్కతో కట్టిన గుడి, ప్రతి దూలం మీదా చెక్కిన బొమ్మలు. గుడికి కొంత దూరంలో పెద్ద రాళ్ళు రెండున్నాయి. అది భీముడి పొయ్యి అనీ, వనవాసంలో పాండవులు ఇక్కడే వండుకున్నారనీ డ్రైవర్ చెప్పాడు.

అత్తమ్మ ఆ రాళ్ళ చుట్టూ తిరిగి చూసింది. "గింత పొయ్యికి కట్టెలు ఎవలు కొట్టిన్రో? వండింది భీముడే అంటరు గని, ద్రౌపదమ్మకు ఏం తక్కువ పని ఉండకపోవు" అంది. ప్రభాకర్ నవ్వాడు. తల్లి మాటకు అతను నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో.

నీడపట్టున, గుడి వెనక, కరగకుండా మిగిలిన మంచు ఒక దుప్పటంత ఉంది. రవళి దాని మీద దొర్లింది. అత్తమ్మ ఒక వేలు పెట్టి తీసేసింది. "ఐస్‌ఫ్రూట్ బండిల గీకినట్టున్నది" అంది.

ఉత్తరం వైపు మబ్బు విడింది. అప్పుడు కనబడ్డాయి మంచుకొండలు. ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లగా, కదలకుండా. అక్కడున్న వాళ్ళందరూ ఫోన్లు పైకెత్తారు. ప్రభాకర్ రాయి ఎక్కి వీడియో తీస్తున్నాడు. నాకు ఎందుకో కళ్ళు చెమర్చాయి. ఇంత పెద్దవి, మనం పుట్టకముందు నుంచీ ఇక్కడే ఉన్నాయి కదా అనిపించింది. అత్తమ్మ చూసిందా లేదా అని వెనక్కి తిరిగాను.

ఆమె కొండలకు వీపు పెట్టి, భీముడి పొయ్యి రాయి మీద కూర్చుంది. రవళిని చూస్తోంది. పిల్ల గుడి దగ్గరి నుంచి దిగువ గడ్డి దాకా పరుగెత్తి, మళ్ళీ ఎగువకు పరుగెత్తుతోంది. ముఖం ఎర్రబడింది. నోటిలోంచి ఆవిరి వస్తోంది. మూడోసారి, నాలుగోసారి.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"రైలు దిగినకాడ దగ్గింది" అంది అత్తమ్మ. "మధుబాబు ఇంట్ల రెండుమార్లు. గా సిమ్లాల పొద్దుగాల ఒక్కమారు. గప్పట్నుంచి లేదు."

ఆమె లెక్కపెడుతోందని నాకు అప్పటిదాకా తెలియదు. ఎప్పటి నుంచి లెక్కపెడుతోందో కూడా తెలియదు.

"ఔ" అన్నాను.

"ఇంటికి పోయినంక గా దశరథ్‌ను రమ్మనుండ్రి. సంతకం పెడ్త."

ఆమె లేచి చీర దులుపుకుంది. "పోరి చెవులకు గాలి కొడుతున్నది. టోపీ పెట్టు" అని గుడి వైపు నడిచింది.

ప్రభాకర్ రాయి దిగి వచ్చాడు. "ఏమంటున్నది అవ్వ?"

"రవళికి టోపీ పెట్టుమన్నది" అన్నాను.

వచ్చిన పని అయిపోయింది. నేను అడగను కూడా అడగలేదు. సంతోషంగా ఉండాలి కదా, లేను. ప్రభాకర్‌కు ఆ మాట ఢిల్లీలో రైలెక్కేదాకా చెప్పలేదు.

ఇంటికి వచ్చిన నాలుగో రోజు తియ్యటి వాసన వచ్చింది. రవళి దగ్గు మళ్ళీ మొదలైంది. దశరథ్ కాగితాలు సిద్ధం చేయిస్తుంటే, మేం బీరంగూడ వెళ్ళి ఫ్లాటు చూశాం. నాలుగో అంతస్తు. మూడేళ్ళుగా నేను కలగన్న ఇల్లది. తెల్లటి టైల్సు, వంటింట్లో నల్లరాతి గట్టు, రవళికి వేరే గది.

అత్తమ్మ రెండు నిమిషాల్లో గదులన్నీ తిరిగింది. "నీళ్ళు వస్తయా?" అని అడిగింది. ఇరవై నాలుగ్గంటలూ వస్తాయని బిల్డర్ మనిషి చెప్పాడు. నల్లా తిప్పి చూపించాడు. "మంచిగున్నది" అంది. తర్వాత బాల్కనీ గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. నేను ఆ చేతుల వైపు చూస్తూ నిలబడ్డాను. అవి రోజంతా అలాగే ఉంటాయి ఇక్కడ. ఏడాదంతా. ఆమె ఒక్క మాట అనదు.

మెట్లు దిగుతుంటే ప్రభాకర్ చెయ్యి పట్టుకుని ఆపాను. "ఇది వద్దు."

"ఏంది?"

"ఈ ఫ్లాటు వద్దు. వేరే ఏడన్న సూద్దం. జెరంత మన్ను, నీళ్ళు ఉన్నకాడ."

"నీకేమన్న పిచ్చా?" గొంతు తగ్గించి అన్నాడు. "మూడేండ్ల సంది ఫ్లాటు ఫ్లాటని నా పానం తీసింది నువ్వే గద."

"నేనే."

"అవ్వ ఒప్పుకున్నది. ఇగ నీకేమొచ్చింది?"

"ఆమె ఒప్పుకున్నదనే అంటున్న."

"బస్సు దొరకాలె, బడి దొరకాలె, మన డ్యూటీలు సాగాలె. ఉత్తగ అంటే అయితదా?" అని విసవిసా దిగిపోయాడు. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అతని కోపంలో తప్పు లేదు. అతను చెప్పినవన్నీ నిజమే.

మూడో రోజు డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చి, బండి స్టాండ్ వేస్తూ అన్నాడు. "యాదన్నతోని పోయొచ్చిన." యాదన్న వాళ్ళ కంపెనీ బస్సు డ్రైవరు. నర్సాపూర్ అడవి దాటాక ఒక చిన్న ఊళ్ళో ఉంటాడు. "వాళ్ళూర్ల ఒక ఇల్లున్నది. పాతది. రెండర్రలు. ఎనిమిది గుంటల జాగ, బోరున్నది. నీళ్ళు తాగి సూసిన."

"ఎట్లున్నయి?"

"నీళ్ళ లెక్కనే ఉన్నయి" అన్నాడు. "మటియానాల పైనుంచి నేను గూడ సూసిన సృజనా, అవ్వను. వీడియో తీద్దమని ఫోన్ ఎత్తి, తియ్యబుద్ధి కాలె" అన్నాడు.

ఆ వచ్చిన ఆదివారం అత్తమ్మను ఏమీ చెప్పకుండా అక్కడికి తీసుకెళ్ళాం. గోడలు పెచ్చులూడాయి, వంటింటికి కిటికీ లేదు. ఆమె ఇంట్లోకి వెళ్ళలేదు. నేరుగా వెనక జాగాలోకి వెళ్ళి, కాలితో మట్టి తవ్వి చూసి, బోరు దగ్గర దోసిలి పట్టింది.

"ఎవల్ది గీ ఇల్లు?"

"నీకు నచ్చితే మనది" అన్నాడు ప్రభాకర్.

ఆమె నా వైపు తిరిగింది. "మరి గా మేడ మీది ఇల్లు?"

"రవళికి ఈడ గాలి మంచిగుంటది" అన్నాను.

"ఈడికెళ్ళి పటాన్‌చెరు యాడుంది? నువ్వు పొద్దుగాల ఐదు గొట్టకముందే బస్సెక్కాలె" అంది.

"ఎక్కుత."

ఆ వారంలోనే అత్తమ్మ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్ళి సంతకం పెట్టింది. వేలిముద్ర వేస్తావా అని అడిగితే పెన్ను అడిగి తీసుకుని, కూలి రిజిస్టరులో ఇరవై రెండేళ్ళు రాసిన పేరు నిదానంగా రాసింది. బయటికి వచ్చాక ఒక చెట్టు కింద కాసేపు కూర్చుంటానంది. మేం పక్కన నిలబడ్డాం. కళ్ళు తుడుచుకుని, తనే లేచింది.

జూన్ మొదట్లో సామాను మార్చాం. రవళి స్నేహితురాలి కోసం రెండు రోజులు ఏడ్చింది. కొత్త బడిలో మూడో రోజుకు ఇంకో స్నేహితురాలిని ఇంటికి తీసుకొచ్చింది. దగ్గు పూర్తిగా పోలేదు. వారానికి ఒకటి రెండుసార్లు వస్తుంది, పోతుంది. ఇన్‌హేలర్ అలమరలోనే ఉంది. నేను నాలుగింటికే లేచి, కంపెనీ బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోతూ వెళ్తాను. ఒక్కోసారి ఆ తెల్లటి టైల్సు గుర్తొస్తాయి. రావని అబద్ధం చెప్పను.

మిరుగం కార్తె వచ్చి రెండు వారాలు దాటాక మొదటి వాన పడింది. మర్నాడు నాకు వారపు సెలవు. అత్తమ్మ పొద్దున్నే బెండగింజలూ చిక్కుడుగింజలూ మూట విప్పి, నా చేతికి చిన్న గుద్దలి ఇచ్చింది. నేను పట్నం దగ్గర పెరిగినదాన్ని. చేలో వంగింది లేదు. ఆమె నా వెనక గింజలు వేసుకుంటూ వస్తుంటే, నేను ముందు మట్టి గీసుకుంటూ పోయాను. నడుము విరిగిపోతోంది. తడిమట్టి చెప్పులకు అంటుకుంటే విప్పి గట్టున పెట్టాను.

సగం దాకా వచ్చాక ఇక ఆపుకోలేకపోయాను. గుద్దలి కింద పెట్టి చెప్పేశాను.

"అత్తమ్మా, నిన్ను గా కొండల మీదికి తీస్కపోయింది సంతకం కోసమే. నీ మీద ప్రేమతోని గాదు. నేనే అనుకున్న. ఆయనకు నేనే చెప్పిన."

అత్తమ్మ గింజ వేయడం ఆపలేదు. "నాకెర్కనే" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"రైలెక్కుమన్నప్పుడే. ఎన్నడు లేంది గంత ముద్దుగ నాకని స్వెటర్ సదిరితివి. గంత తెల్వనిదాన్నా?"

"మరి ఎందుకొచ్చినవు?"

ఆమె నడుం నిటారు చేసింది. నవ్వింది. మటియానాలో మొగ్గ విప్పి చూపించినప్పుడు ఆడవాళ్ళతో నవ్విన నవ్వు.

"గంత దూరం తీస్కపోయి సూపిస్త అంటుంటే, అద్దని ఎట్లంటనే? ముచ్చట సాలు గని, ముందుగాల నీ సాలు సూడు. వంకర వోతున్నది."

వెనక్కి తిరిగి చూశాను. నిజంగానే వంకరపోయింది. గుద్దలి తీసుకుని మొదటికి నడిచాను.